నాలుగు నిమిషాల బూడిద రంగు

ఆగండి. చేతిలో ఉన్న పని కాసేపు పక్కన పెట్టి ఇది వినండి. నేను మొత్తం చెప్పేదాకా మధ్యలో లేవకండి, ఎందుకంటే చివర్లో మీతో నాకు పనుంది.

నా పేరు ఇవానియా. ఇరవై ఆరేళ్ళు. సివిల్ ఇంజనీరింగ్ చదివాను కానీ వంతెనలు కట్టను, క్లాసుల్లో వెనక బెంచీలో కూచుంటాను. అదే నా ఉద్యోగం, నిజంగా! రాజధాని శాంతియాగోలో పుట్టి పెరిగిన దాన్ని, పదకొండు గంటలు బస్సులో కూచుని ఈ వాల్దీవియాకి వచ్చింది అందుకే. ఇక్కడి యూనివర్సిటీలో, ఇంజనీరింగ్ పాఠాలు ఇంకా బాగా చెప్పించాలని ఒక విభాగం కొత్తగా పెట్టారు. విభాగం అంటే ఒక గది, ఒక హీటరు, నేను.

పనేమిటంటే, టీచరు ఒప్పుకుంటే ఆయన క్లాసుకి వెళ్ళి ఆఖరి వరసలో కూచుంటాను. ప్రతి రెండు నిమిషాలకీ కాగితం మీద ఒక గడి నింపుతాను. టీచరు ఏం చేస్తున్నాడు? చెబుతున్నాడా, బోర్డు మీద రాస్తున్నాడా, ప్రశ్న అడుగుతున్నాడా? పిల్లలు ఏం చేస్తున్నారు? వింటున్నారా, పక్కవాళ్ళతో కలిసి లెక్క చేస్తున్నారా? తర్వాత ఒక్కో పనికీ ఒక్కో రంగు వేస్తే తొంభై నిమిషాల క్లాసు ఒక పొడుగాటి రంగుల పట్టీ అయిపోతుంది. అందులో మంచీ చెడూ ఉండవు, మార్కులుండవు. పట్టీ టీచరు చేతికే ఇస్తాను, ఇద్దరం దానిమీద సంతకం పెడతాం, ఆ తర్వాత దాన్ని దిద్దడానికి వీల్లేదు. ఆయన దాన్ని చూసుకుని తన పాఠాన్ని తనే బాగుచేసుకుంటాడు. ఎంత బాగుందో చూడండి! మొదటిసారి ఈ పద్ధతి గురించి చదివినప్పుడు నాకు ఆ పూట అన్నం సయించలేదు, అంత సంబరం.

కానీ ఈ పనిలో ఎంత ఒంటరితనం ఉంటుందో ఎక్కడా రాయలేదు. వారానికి పదమూడు క్లాసులు, ఆరేడు వందల వీపులు. నేను నవ్వకూడదు, మాట్లాడకూడదు, ఎవరైనా పెన్సిలు అడిగినా ఇవ్వకూడదు. తలుపు తోసుకుని వెళ్తే "వచ్చిందిరా ఇన్‌స్పెక్టరు" అని ఎవరో ఒకరు గొణుగుతారు, అంతే, ఆ తర్వాత నేను గోడలో భాగం. కొన్ని వారాలు సోమవారం నుంచి శుక్రవారం దాకా నన్ను పేరుపెట్టి పిలిచిన మనిషి రొట్టెల కొట్టు ఆవిడ ఒక్కతే. ఆవిడ కూడా నన్ను వనేసా అనేది. ఆ పేరైనా పిలుస్తోంది కదా అని నేను సరిదిద్దలేదు.

మార్చిలో నలభై మంది టీచర్లకి ఉత్తరాలు పంపాను. అందరికన్నా ముందు జవాబిచ్చింది ఎరిబెర్తో ఒయార్సూన్. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, స్టాటిక్స్ చెబుతారు, అంటే వంతెనా కప్పూ కదలకుండా నిలబడటం వెనక ఉన్న లెక్క. పర్మనెంటు కాదు. గంటల లెక్కన చెప్పే టీచరు, ఉదయం ఇక్కడ, మధ్యాహ్నం బస్సెక్కి ఒసోర్నోలో ఇంకో కాలేజీ. ఏ సెమిస్టర్‌కి ఆ సెమిస్టర్ కాంట్రాక్టు. ఆయన జవాబు రెండు వాక్యాలు. "మంగళవారం ఎనిమిదింపావుకి రండి. వెనక కిటికీ దగ్గర నీళ్ళు కారతాయి, కుర్చీ ఇవతలికి జరుపుకోండి."

నేను కూచునే కుర్చీ గురించి ఆలోచించిన మనిషి ఆయనొక్కరే.

ఏప్రిల్లో మొదటిసారి వెళ్ళాను. బయట వాన, నది వైపు నుంచి సముద్ర సింహాల అరుపులు, అరవై మంది తడి కోట్ల వాసన. ఆయన బోర్డు మీద ఒక వంతెన గీశారు, కడ్డీలు త్రికోణాలు త్రికోణాలుగా. గీసి, ఇటు తిరిగి అడిగారు.

"ఈ కడ్డీల్లో ఒకటి ఏ బరువూ మోయట్లేదు. ఏది?"

ఇక్కడ టీచర్ని అందరూ ప్రొఫె అంటారు. యెర్కో అనే కుర్రాడు వెంటనే అందుకున్నాడు. "ఏ బరువూ మోయకుండా నిలబడేదా? డైరెక్టరమ్మ, ప్రొఫె!"

క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వారు. "అది కాక ఇంకోటి, యెర్కో," అన్నారు. అని, సుద్దముక్క కింద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

అంతే. నిలబడ్డారు! ఒక నిమిషం, రెండు, మూడు, నాలుగు. మాట లేదు, రాత లేదు, "ఆలోచించండి" అని కూడా అనలేదు. అని ఉంటే నా కాగితంలో దానికి ఒక గడి ఉంది, ఆకుపచ్చ, "టీచరు ఆలోచించమన్నాడు" అని. అనలేదు కాబట్టి నేను నిబంధన ప్రకారం బూడిద రంగు వేశాను. బూడిద రంగు అంటే "టీచరు ఏమీ చేయడం లేదు". ఆ తొంభై నిమిషాల్లో ఆయన అలా ఏడుసార్లు నిలబడ్డారు. నలభై అయిదు గడుల్లో పద్నాలుగు బూడిద.

క్లాసయ్యాక వరండాలో కలిశాం. ఆయన ఎప్పుడూ అక్కడే, రేకుల కప్పు కింద చివరి బల్ల మీద ఒక్కరే కూచుని ఫ్లాస్కులో టీ తాగుతారు. టీచర్ల గది పర్మనెంటు వాళ్ళది. వెళ్ళకూడదని ఎవరూ అనలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు.

"రండి, కొలేగ," అన్నారు. తోటి టీచర్లు ఒకర్నొకరు పిలుచుకునే మాట అది. నన్ను అలా పిలవడం అదే మొదలు, చెవులు వేడెక్కాయి. "ఇరవై మూడేళ్ళుగా చెబుతున్నాను. నేను మార్కులు వేయక్కర్లేని మనిషి ఒకరు నా పాఠం వినడం ఇవాళే. భలే భయమేసింది తెలుసా?"

పట్టీ చూపించాను. ఆయన అద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.

"ఈ బూడిద రంగేమిటి?"

"మీరు ఏమీ చేయని సమయం, ప్రొఫె."

"ఓ," అన్నారు. వేలితో ఆ గడులు లెక్కపెట్టి, "ఇంతుందా?" అన్నారు.

ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆగకుండా చెప్పాను! ఖాళీ వదలకండి, ప్రశ్న అడగ్గానే ఇద్దరిద్దర్ని మాట్లాడుకోమనండి, రెండు నిమిషాల్లో చేతులెత్తించండి, ఇంకో చిన్న ప్రశ్న వేయండి. ఆయన జేబులోంచి బస్సు టికెట్టు తీసి దాని వెనక అన్నీ రాసుకున్నారు. ఇద్దరం సంతకాలు పెట్టాం.

మే నెలలో మళ్ళీ వెళ్ళాను. నేను చెప్పినవన్నీ చేశారు, ఒక్కటి కూడా వదల్లేదు. క్లాసు సంతలా ఉంది. పట్టీ చూడండి మరి, నీలం, పసుపు, నారింజ, ఒక్క బూడిద గడి లేదు! ఆ సాయంత్రం నా గదిలో రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టుకుని, చూపించడానికి ఎవరూ లేక, ఫోటో తీసి మా అమ్మకి పంపాను. అమ్మ "కర్టెనా? బాగుంది" అంది.

జూన్ మొదట్లో డిపార్ట్‌మెంట్ మీటింగులో నా పని గురించి చెప్పమన్నారు. ఆయన్ని ముందే అడిగాను, పేరు లేకుండా మీ పట్టీలు చూపించనా అని. "చూపించండి, కొలేగ. నేర్చుకోవడంలో సిగ్గేముంది," అన్నారు. పేరు పెట్టలేదు. "టీచర్ ఏ" అన్నాను. కానీ లెక్క పక్కాగా ఉండాలన్న పిచ్చిలో పైన ఏం రాశానో తెలుసా? "స్టాటిక్స్, మంగళవారం, 8.15." ఆ గంటకి స్టాటిక్స్ చెప్పే మనిషి ఆ భవనం మొత్తమ్మీద ఒక్కరే.

అందరూ చప్పట్లు కొట్టారు. డిపార్ట్‌మెంట్ డైరెక్టర్ మగాలి వెనేగస్ అందరికన్నా గట్టిగా కొట్టారు.

తర్వాతి వారం గేటు దగ్గర గుమ్మడికాయ కలిపి వేయించిన పూరీల్లాంటి సోపైపియాల బండి ముందు ఒక అమ్మాయి నన్ను ఆపింది. మిల్లరాయ్, స్టాటిక్స్ క్లాసులో రెండో వరస. చేతిలో వేడి సోపైపియా, దాని నిండా ఆవపిండి సాసు.

"ఇన్‌స్పెక్టరమ్మా! మా ప్రొఫెకి నోరు తెరిపించింది నువ్వేనా?"

"అంటే?"

"ఇదివరకు మాకు టైమిచ్చేవాడు. ఇప్పుడు ప్రశ్న అడుగుతాడు, నేను బొమ్మ చూసేలోపే పక్కవాళ్ళతో మాట్లాడండి అంటాడు. నా పక్కన ఎవడు? వీడు." వెనక యెర్కో నిలబడి తింటున్నాడు. "వీడితో మాట్లాడితే ఫుట్‌బాల్ తప్ప ఏం రాదు."

"అబద్ధం," అన్నాడు యెర్కో నోటి నిండా పెట్టుకుని. "మొన్న వంట గురించి కూడా చెప్పాను."

"నోర్ముయ్. మొదటి పరీక్షలో నాకు ఏడుకి అయిదున్నర. ఇప్పుడు మూడు పాయింటు తొమ్మిది. నాలుగు రాకపోతే ఫెయిలు, నీకు తెలీదా? వీడికి ఎంతో అడుగు."

"అడక్కు," అన్నాడు యెర్కో.

అక్కణ్ణించే వరండాకి పరిగెత్తాను. "ప్రొఫె, ఈ మంగళవారం మీ పాత పద్ధతిలో చెప్పండి. నేను వెనక కూచోను. ముందు కూచుంటాను, బోర్డు పక్కన, పిల్లల వైపు తిరిగి."

"అలా కూచోవచ్చా?"

"కూడదు. కూచుంటాను."

వినండి, ఇది ముఖ్యం. మాకు నేర్పిన పద్ధతిలో చూసేవాళ్ళు ఎప్పుడూ వెనకే కూచోవాలి, క్లాసుకి అడ్డం రాకుండా. వెనక నుంచి చూస్తే ఆలోచించే తలకీ నిద్రపోయే తలకీ తేడా తెలీదు. రెండూ కదలవు. మూడు నెలలుగా వందల తలలు చూసిన నాకు ఇది ఒక్కసారి కూడా తట్టలేదు!

ఆ మంగళవారం ఆయన ఇంకో వంతెన గీసి, అదే ప్రశ్న అడిగి, సుద్దముక్క కింద పెట్టారు.

మొదటి అర నిమిషం ఏమీ లేదు. ఒకడు ఫోను చూశాడు, ఒకమ్మాయి ముక్కు తుడుచుకుంది. తర్వాత మొదలైంది. మిల్లరాయ్ పెదవులు కదిలాయి. యెర్కో, అదే ఆ వాగుడుకాయ యెర్కో, పుస్తకంలో బొమ్మ మీద ఒక కడ్డీని బొటనవేలితో మూశాడు, తీశాడు, ఇంకోదాన్ని మూశాడు. కిటికీ పక్క అమ్మాయి ఆవిరి పట్టిన అద్దం మీద బాణం గుర్తులు గీసి చెరిపింది. రెండో నిమిషంలో కాళ్ళు ఊపడం ఆగిపోయింది. మూడో నిమిషంలో ఒక్కొక్క ముఖం, ఎలా చెప్పను, ఇంట్లో ఒక్కో గదిలో దీపం వేస్తున్నట్టు! మరి ఆయన? ఆయన ఒక్కో ముఖాన్నీ చూస్తున్నారు. వరసలు వరసలుగా, ఎవర్నీ దాటెయ్యకుండా, మళ్ళీ మొదటికొచ్చి. మూడో వరసలో నీలం కోటు కుర్రాడొకడున్నాడు, అందరికన్నా ఆఖరు. వాడి కనుబొమలు ముడిపడే ఉన్నాయి. మిగతా అందరూ అయిపోయినా ఆయన వాడి కోసం ఆగారు. వాడి కనుబొమలు ఒక్కసారి పైకి లేచాయి. అప్పుడు ఆయన సుద్దముక్క తీసుకున్నారు.

సరిగ్గా నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో ఆ గదిలో అందరికన్నా ఎక్కువ పని చేసిన మనిషి ఆయనే. నేను దానికి వేసిన రంగు బూడిద.

క్లాసవగానే మగాలి మేడం గదికి పరిగెత్తాను, కోటు బొత్తాలు కూడా పెట్టుకోలేదు.

"ఏమిటమ్మాయ్, పక్షిలా వణుకుతున్నావు? కూచో. టీ తాగుతావా? వద్దా? సరే, నేను తాగుతా."

"మేడం, ఆ మొదటి పట్టీలో బూడిద రంగు తప్పు. ఆ 'టీచర్ ఏ' ఖాళీగా లేరు. తప్పు నాది."

"ఒయార్సూనా?"

"దానిమీద పేరు లేదు మేడం!"

"పేరెందుకమ్మా, గంట వేశావుగా." ఆవిడ చక్కెర కలుపుకున్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, అది కూడా చెప్పాలి. నేనంతా చెబుతుంటే మధ్యలో ఆపకుండా విన్నారు, ముఖాల సంగతి, బొటనవేలి సంగతి, నీలం కోటు సంగతి. విని అన్నారు. "బాగుంది. ఇప్పుడు నా మాట విను. ఆగస్టు నుంచి స్టాటిక్స్ ఒక్క సెక్షనే. దానికి ఇద్దరున్నారు. ఒకాయన గంటల లెక్క మనిషి, ఇంకొకడు డాక్టరేటు చేసొచ్చిన కుర్రాడు. కుర్రాడికి కాక ఈయనకెందుకిచ్చావని పైవాళ్ళు అడుగుతారు. నీ రెండో పట్టీ చూపిస్తే, ఇదిగో ఎంత మారాడో చూడండి అంటాను, ఒప్పుకుంటారు. మొదటిది చూపిస్తే నవ్వుతారు. అది తప్పు, మౌనంగా నిలబడటమే పాఠం అన్నాననుకో, అప్పుడేమంటారు?"

"నిజం కదా మేడం!"

"ఆ ఒక్క పట్టీ తప్పయితే నీ మిగతా పట్టీలన్నీ ఒప్పని ఎవరు చెప్పాలి?"

నేను కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకోవడం మొదలుపెట్టాను.

"అదీ సంగతి," అన్నారావిడ మెల్లగా. "ఆయన రెండో పట్టీలో ఉన్నట్టే చెబుతానని రాసిస్తే క్లాసు ఆయనదే. కింద నువ్వు 'మెరుగుపడ్డారు' అని సంతకం పెట్టాలి. సెమిస్టరంతా నెలకోసారి వెళ్ళి, బూడిద రంగు రాలేదని చూడాలి. సోమవారం పదింటికి కాగితం పైకి వెళ్ళాలి. నీ సంతకం లేకపోతే కుర్రాడి పేరు వెళ్తుంది."

శుక్రవారం వరండాలో ఆయన రొట్టెలో అవకాడో పెట్టుకుని తింటున్నారు. వాన రేకుల మీద దడదడమంటోంది.

"పెట్టేశాను, కొలేగ," అన్నారు నేనడక్కముందే. "సంతకం."

"ఎందుకు ప్రొఫె? అది మీ క్లాసు కాదు!"

"అసలు క్లాసు లేకపోవడం కన్నా నయం కదూ." రొట్టె ముక్క చుట్టిన కాగితం జాగ్రత్తగా మడిచారు. "చూడండి, మా ఇంట్లో కూడా నిశ్శబ్దమే. మా ఆవిడ పోయి ఆరేళ్ళు. పొయ్యిలో కట్టె చిటపటలాడితే ఎవరో మాట్లాడారనుకుని తిరిగి చూస్తాను. అది ఒక్కడి నిశ్శబ్దం. మంగళవారం ఎనిమిదింపావుది అలా కాదు. అరవై మందితో కలిసి ఊరుకోవడం. అది ఎలా ఉంటుందో..."

"మరి అదే వదిలేస్తానని రాసిచ్చారు కదా!"

"రాసిచ్చాను. కనీసం వాళ్ళ ముఖాలుంటాయి ఎదురుగా."

"పిల్లలు ఫెయిలవుతారు ప్రొఫె."

ఆయన టీ మూతలో పోసి నా వైపు జరిపారు. "మేడంతో గొడవ పెట్టుకోకండి. మీరు ఓడిపోతే నేను ఇంటికి వెళ్ళాలి. అయినా మీదేం తప్పు? వెనక నుంచి ఎలా కనిపిస్తే అలా రాశారు." బస్సుకి టైమైందని లేచారు. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చారు. "ఒక్క మాట. మొన్న ముందు కూచున్నారే, ఆ మూడో వరసలో నీలం కోటు కుర్రాడు, వాడి కనుబొమలు..."

"చూశాను."

"చూశారా!" ఆయన ముఖం నేను ఇంతవరకూ చూడనంత వెలిగిపోయింది. "నిజంగా చూశారా? ఇరవై మూడేళ్ళుగా అది నేనొక్కడినే చూస్తున్నాను, కొలేగ. ఎవరికి చెప్పినా అర్థం కాదు."

గొడుగు తెరవడం కూడా మర్చిపోయి వానలోకి వెళ్ళిపోయారు.

ఇవాళ సోమవారం. తొమ్మిది నలభై. కాగితం నా ముందుంది. పైన ఆయన సంతకం, అక్షరాలు నిటారుగా, బోర్డు మీద రాసినట్టే. కింద నా పేరు అచ్చులో ఉంది, పక్కన గీత ఖాళీగా ఉంది. నేను పెడితే ఆయన క్లాసులో ఉంటారు, ప్రశ్న అడిగి ఒక్క క్షణం కూడా ఆగకుండా మాట్లాడుతూ ఉంటారు, మిల్లరాయ్ లాంటి వాళ్ళు బొమ్మ వైపు చూసేలోపే టైమైపోతుంది, నేను నెలకోసారి వెనక కూచుని దానికి కాపలా కాస్తాను. పెట్టకుండా నేనే పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి నిజం చెబితే వాళ్ళు వినొచ్చు, వినకపోతే ఆగస్టు నుంచి మంగళవారం ఎనిమిదింపావుకి ఆయన తన వంటింట్లో ఉంటారు. ఆయనేమో పెట్టమన్నారు. అడగడానికి ఈ ఊళ్ళో నాకు ఇంకెవరూ లేరు, అందుకే మిమ్మల్ని ఇంతసేపు కూచోబెట్టాను. చెప్పండి, నా కుర్చీలో మీరుంటే ఆ గీత మీద సంతకం పెడతారా?